మెదడుకు కట్టిన అంటు

ఆ దారం మందం మిల్లీమీటరులో నలభయ్యో వంతు. పక్కన తలవెంట్రుక పెడితే వెంట్రుకే మోకులా కనిపిస్తుంది. నల్లటి నైలాన్ పోగు, దాని కొసన నెలవంకలా వంగిన సూది. ఆ సూది వేళ్లకు అందదు, సన్నటి పట్టకారుతో పట్టుకోవాలి. మైక్రోస్కోపు కింద తప్ప కంటికి ఆనదు. ఆ దారంతో చిన్నపిల్ల మెదడు మీద నాలుగైదు కుట్లు వేస్తారు. గంటల తరబడి సాగే ఆపరేషన్‌లో మెదడును కుట్టే పని ఆ కాసిని కుట్లే. తరువాతి పనంతా ఆ పిల్ల మెదడు తానే చేసుకుంటుంది, నెలల తరబడి, ఎవరూ చూడని చోట.

పియల్ సినాంజియోసిస్ అంటారు దీన్ని. పేరుకు నోరు తిరగదు గానీ పని మనకు తెలిసిందే. మామిడికి అంటు కట్టడం చూసినవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. చిన్నప్పుడు మా ఊళ్లో అంటు కట్టే పెద్దాయన పక్కన గొంతుక్కూర్చుని చూసేవాణ్ని. ఆయన తల్లిచెట్టు కొమ్మను కోసి తెచ్చేవాడు కాదు. కుండీలో పెంచిన టెంక మొక్కనే కొమ్మ దగ్గరకు మోసుకెళ్లి, రెండింటికీ బొటనవేలంత మేర బెరడు చెక్కి, ఆ రెండు గాయాలనూ ఒకదానికొకటి ఆనించి అరటినారతో కట్టేవాడు. కొమ్మ తల్లిచెట్టు మీదే ఉండేది. దానికి అందే నీరూ సారమూ అందుతూనే ఉండేవి. రెండు మూడు నెలలకు రెండూ ఒకటయ్యేవి. ఈలోగా నార విప్పి చూడబోతే చేతి మీద ఒక్కటి పడేది.

టోక్యోలో, ఆ తరువాత బోస్టన్‌లో, పిల్లల మెదడుకు వైద్యులు చేసినది సరిగ్గా ఇదే. ధమనిని తెంపకుండా, దాని పని దాన్ని చేసుకోనిస్తూనే, ఎండిపోతున్న మెదడు మీద ఆనించి కట్టారు. ఈ పనిలో చెయ్యి ఎక్కడ ఆడాలన్నది ఎంత ముఖ్యమో, ఎక్కడ ఆగాలన్నది అంతకన్నా ముఖ్యం. దీని గురించి చదివే కొద్దీ నాకు ఆ ఆగడమే గొప్పగా తోచింది.

ఈ అంటు అవసరమయ్యే జబ్బును మొయమొయ అంటారు. జపనీస్ మాట. గాలిలో తేలే సిగరెట్ పొగలా మసకమసకగా ఉండటం అని దాని అర్థం. 1957లో టకేయుచి, షిమిజు అనే జపాన్ వైద్యులు ఈ జబ్బు గురించి మొదట రాశారు. 1969లో సెందాయ్‌లోని తొహోకు విశ్వవిద్యాలయ వైద్యులు జిరో సుజుకి, టకాకులు ఈ పేరుతో ప్రపంచానికి పరిచయం చేశారు. మెడలోంచి పైకెక్కి మెదడుకు రక్తమిచ్చే రెండు పెద్ద ధమనులు, పుర్రె లోపల కొమ్మలుగా చీలే చోట మెల్లగా సన్నబడి మూసుకుపోతాయి. మెదడు ఊరుకోదు. అడుగున పోగుల్లా ఉండే చిన్నచిన్న నాళాలను వెడల్పు చేసుకుని, ఆ దారిన రక్తం తెచ్చుకోవాలని చూస్తుంది. రక్తనాళాలను చూపే యాంజియోగ్రామ్‌లో ఆ సన్ననాళాల గుబురే పొగలా కనిపిస్తుంది. అంటే ఆ పొగ, ప్రాణం నిలుపుకోవడానికి మెదడు పడుతున్న పాట్లకు ఆనవాలు.

సుజుకి ఆ పొగ పుట్టడం దగ్గర్నుంచి మాయమయ్యేదాకా ఆరు దశలు గుర్తించాడు. ఆరో దశలో పొగ ఉండదు. లోపలి ధమని దారి మూసుకుపోయి, ముఖానికీ నెత్తికీ రక్తమిచ్చే బయటి నాళాల నుంచి ఎలాగో దారి చేసుకుని వచ్చిన రక్తం మీదే మెదడు బతుకుతుంది. ఆపరేషన్ వెనకున్న ఊహంతా నాకు ఈ ఆరో దశలోనే కనిపిస్తుంది. జబ్బు ముదిరాక మెదడు తనంతట తాను వెతుక్కునే దారిని, ఇంకా నష్టం జరగకముందే దాని ముంగిట్లోకి తెచ్చి పెట్టడమే ఆ ఊహ.

ఈ జబ్బు ఐదేళ్ల ప్రాయంలో ఒకసారి, నలభై దరిదాపుల్లో ఒకసారి ఎక్కువగా బయటపడుతుంది. పెద్దవాళ్లలో మెదడులో రక్తస్రావం కావడం ఎక్కువ, పిల్లల్లో రక్తం చాలక వచ్చే పక్షవాతం ఎక్కువ. ఐదేళ్ల వయసంటే ఒంట్లో ఖర్చయ్యే మొత్తం శక్తిలో 40 శాతానికి పైగా మెదడే వాడుకునే వయసు. చేను నిండా పొట్ట మీదున్నప్పుడు కాలువ ఎండడం లాంటిది. తూర్పు ఆసియా వాళ్లలో ఈ జబ్బుకు దారితీసే ఆర్‌ఎన్‌ఎఫ్213 అనే జన్యువును 2011లో జపాన్ పరిశోధకులు పట్టుకున్నారు.

ఇక జబ్బు బయటపడే తీరు. జపాన్‌లో పిల్లలు వేడివేడి నూడుల్స్‌ను ఉఫ్ ఉఫ్‌మని ఊదుకుంటూ తింటారు. అలా ఊదుతుండగానే చేతిలోని పుల్లలు జారిపోతాయి. ఒక పక్క చెయ్యి పట్టు తప్పుతుంది. మాట ముద్దగా వస్తుంది. కొద్ది నిమిషాల్లో మళ్లీ అంతా మామూలే. బూర ఊదినప్పుడు, వెక్కివెక్కి ఏడ్చినప్పుడు కూడా ఇలాగే. గబగబా ఊపిరి వదిలితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, అది తగ్గితే మెదడు నాళాలు ముడుచుకుంటాయి. ఆ వాయువు పీడనం ఒక్క పాదరస మిల్లీమీటరు పడితే మెదడుకు వెళ్లే రక్తం దాదాపు 3 శాతం పడుతుంది. మామూలు పిల్లలకు ఇదొక లెక్కలోది కాదు. వచ్చే రక్తమే బొటాబొటీగా ఉన్న పిల్లకు మాత్రం ఆ కాస్తే కరువు.

అన్నిసార్లూ చెయ్యి పడిపోవడం అంత స్పష్టంగా ఉండదు. మూసుకుపోయే ఆ ధమని కొమ్మల నుంచే మెదడు ముందు భాగానికి రక్తం అందుతుంది. ఒక పని మీద మనసు నిలపడం, చెప్పిన నాలుగు మాటలనూ తలలో ఉంచుకుని వరసగా చేసుకుపోవడం, నోటికొచ్చింది అనేయకుండా ఆగడం, ఇవన్నీ ఆ ముందు భాగం చలవే. అందుకే ఒక్కసారి కూడా పక్షవాతం రాని మొయమొయ పిల్లల్లోనూ ఈ పనుల్లో వెనకబాటు పరీక్షల్లో కనబడుతుంటుంది. లెక్క సగంలో వదిలేస్తారు. టీచరు చెప్పింది కొంతే రాసుకుంటారు. పిలిస్తే పలకడానికి ఒక క్షణం ఎక్కువ పడుతుంది. "మీ పాపకు ధ్యాస లేదండీ" అని బడి నుంచి కబురొస్తుంది.

ఇది చదివి ఏ తల్లీ గుండెలు బాదుకోకూడదు. ధ్యాస నిలవని ఏడీహెచ్‌డీ సమస్య నూటికి ఐదుగురు పిల్లల్లో ఉంటుంది. మొయమొయ, అది ఎక్కువగా ఉండే జపాన్‌లోనే, ఏడాదికి లక్ష మందిలో సుమారు ఒక్కరికే కొత్తగా వస్తుంది. కుదురులేని పిల్లలందరికీ ఎంఆర్ఐ తీయించాలని నేను అనడం లేదు. ఏడ్చాకో, బుడగ ఊదాకో ఒక పక్క బలం తగ్గడం, మాట తడబడటం ఒక్కసారి కనిపించినా, అది తగ్గిపోయింది కదా అని వదిలేయకుండా ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. ఆ ఒక్క వాక్యంతోనే జబ్బు దొరికిపోవచ్చు.

దొరకబుచ్చుకోవడంలోనూ ఎంత నేర్పు ఉందో చూడండి. క్లాసులో కొన్ని సెకన్లు శూన్యంలోకి చూస్తూ ఉండిపోయే పిల్లలకు ఒక రకం మూర్ఛ ఉండొచ్చు. అది పట్టుకోవడానికి మెదడు విద్యుత్ అలలను గీసే ఈఈజీ తీస్తూ పిల్లచేత మూడు నిమిషాలు కాగితం గాలిపంకా మీద ఊదిస్తారు. ఆ మూర్ఛ ఉంటే ఊదుతుండగానే సెకనుకు మూడు చొప్పున ముళ్లలాంటి అలలు ఎగుస్తాయి. మామూలు పిల్లల్లో నెమ్మదైన అలలు కొన్ని వచ్చి, ఊదడం ఆపగానే సర్దుకుంటాయి. మొయమొయ పిల్లల్లో సర్దుకున్నట్టే సర్దుకుని, ఊదడం ఆపిన కాసేపటికి ఆ నెమ్మది అలలు మళ్లీ లేస్తాయి. పరీక్ష అయిపోయిందని కాగితం చింపెయ్యకుండా, ఆ రెండో అల వచ్చేదాకా ఓపిగ్గా చూసిన కన్ను ఎవరిదోగానీ, దానికి దణ్ణం పెట్టాలి. ఇవాళ జబ్బు ఉందని ముందే తెలిస్తే ఆ పిల్లచేత అసలు ఊదించరు.

ఇలాంటి నాళాల మార్పు వేరే జబ్బులకు తోడుగానూ వస్తుంది. డౌన్ సిండ్రోమ్, ఒంటి మీద పాలకాఫీ రంగు మచ్చలు వచ్చే న్యూరోఫైబ్రోమటోసిస్, చిన్నతనంలో తలకు రేడియేషన్, సికిల్ సెల్. ఈ చివరిది మన పాడేరు, అరకు కొండల్లో, ఆదిలాబాద్ గూడేల్లో ఉన్న జబ్బే. సికిల్ సెల్ పిల్లల్లో బయటికి ఏ లక్షణమూ లేకుండా మెదడులో చిన్నచిన్న మచ్చలు పడతాయి. చదువులో వెనకపడటం, ధ్యాస చెదరడం తప్ప వేరే జాడ ఉండదు. 1982లో రూనె ఆస్లిడ్ అనే పరిశోధకుడు కణత ఎముక మీద అల్ట్రాసౌండ్ ఆనించి లోపలి ధమనుల్లో రక్తవేగం కొలిచే పద్ధతి కనిపెట్టాడు. సూది లేదు, నొప్పి లేదు. ఆ వేగం సెకనుకు 200 సెంటీమీటర్లు దాటిన సికిల్ సెల్ పిల్లలకు క్రమం తప్పకుండా రక్తం ఎక్కిస్తే పక్షవాతం ముప్పు 92 శాతం తగ్గిందని 1998లో అమెరికాలో తేలింది. ఆ చిన్న పరికరం మన కొండగూడేల ఆస్పత్రులన్నింటికీ చేరాలని గట్టిగా కోరుకుంటాను.

ఇప్పుడు అసలు పని. చెవి ముందు, కణతకు కాస్త కింద వేలు పెట్టి చూడండి. నాడి కొట్టుకుంటుంది. మెడలో చీలిన బయటి ధమని కొమ్మ అది. కణత ధమని అనుకుందాం. పైకెళ్లి రెండుగా చీలుతుంది, ఒకటి నుదుటికి, ఒకటి నెత్తికి. నెత్తికి రక్తమిచ్చే దారులు ఇంకా బోలెడున్నాయి కాబట్టి ఈ రెండో కొమ్మను మెదడుకు అరువివ్వొచ్చు.

1967లో జ్యూరిచ్‌లో యాసర్‌గిల్ అనే శస్త్రవైద్యుడు ఈ కణత ధమనినే కోసి, దాని కొసను మెదడు మీది ధమనికి నేరుగా కుట్టాడు. మైక్రోస్కోపు శస్త్రచికిత్సకే అదొక మైలురాయి. పెద్దవాళ్లకు ఇప్పటికీ ఆ దారి ఉంది. చిన్నపిల్లల దగ్గరికి వచ్చేసరికి ఆ నాళాలు మిల్లీమీటరు కన్నా సన్నగా ఉంటాయి. పైగా కుట్టేంతసేపూ మెదడు ధమనిని బిగించి ఉంచాలి. అసలే నీళ్లు చాలని మడికి ఉన్న తూము కూడా మూసినట్టు. టోక్యోలో యోషిహారు మత్సుషిమ దీనికి విరుగుడుగా ధమనిని కోయకుండా, ఏ నాళానికీ కలపకుండా, మెదడును కప్పే మందపాటి పొర అంచులకు కుట్టి వదిలే పద్ధతిని 1981లో ప్రకటించాడు. బోస్టన్ పిల్లల ఆస్పత్రిలో మైఖేల్ స్కాట్ దాన్ని ఇంకో మెట్టు ఎక్కించి, మెదడును అంటిపెట్టుకున్న పియా పొరకే ధమనిని కుట్టాడు.

పని పెన్ను లాంటి డాప్లర్ పరికరంతో మొదలవుతుంది. దాన్ని నెత్తి మీద నడిపిస్తూ, ధమని చప్పుడు వినిపించిన చోటల్లా చుక్క పెట్టుకుంటూ పోతారు. చుక్కలు కలిపితే ధమని నడిచే దారి. ఆ గీత మీదే, సరిగ్గా ధమని మీదే, చర్మం కోస్తారు. వెంట్రుకవాసి లోతుగా తెగిందా, అరువు తెచ్చుకోబోయిన ధమనే పోతుంది. అందుకే మొదటి గాటు నుంచే మైక్రోస్కోపు. ఎనిమిది పది సెంటీమీటర్ల మేర ధమనిని చుట్టూ ఉన్న కణజాలం నుంచి విడదీస్తారు, ఒట్టిగా మాత్రం కాదు, రెండు పక్కలా సన్నటి కణజాలపు అంచు ఉంచి. చీరకు అంచున్నట్టు ధమనికి ఆ అంచు. రేపు కుట్లు పడేది దాని మీదే గానీ ధమని మీద కాదు. ఇదంతా జరుగుతున్నా ధమని రెండు కొసలూ తెగవు. అందులో రక్తం పారుతూనే ఉంటుంది.

తరువాత ఎముకలో కింద ఒకటి, పైన ఒకటి బెజ్జాలు పెట్టి, మధ్య ముక్కను కిటికీ తలుపులా తీస్తారు. ధమని లోపలికి దిగేది ఒక బెజ్జం దగ్గర, బయటికొచ్చేది రెండోదాని దగ్గర. ఎముక కింద డ్యూరా అనే మందపాటి పొర. ఇక్కడే తొందరపాటు చెయ్యి దొరికిపోతుంది. మెదడు ఆకలి తీర్చుకోవడానికి అప్పటికే ఆ పొరలోంచి కొన్ని నాళాలను సొంతంగా లాక్కుని ఉండొచ్చు. వాటిని కోస్తే పిల్ల కష్టపడి కట్టుకున్న వంతెనను మనమే కూల్చినట్టు. యాంజియోగ్రామ్‌లో ముందే వాటి జాడ చూసుకుని, తప్పించుకుంటూ డ్యూరాను రేకులు రేకులుగా విప్పుతారు.

రేకుల కింద సాలెగూటి పొర. మెదడును కప్పి నీళ్ల సంచిలా ఉండే పారదర్శకమైన పొర ఇది. దీన్ని సన్నని మొనతో వీలైనంత మేర తెరుస్తారు. ఇదే ఉంటే కొత్త నాళాలకు అడ్డుగోడ. మామిడి కొమ్మకు బెరడు చెక్కడం గుర్తొచ్చేది నాకు ఇక్కడే. బెరడు మీద బెరడు పెట్టి ఎంత బిగించి కట్టినా అంటు అతకదు. పొర తెరుస్తుంటే అక్కడక్కడా సన్నగా రక్తం చిమ్ముతుంది. చేతిలో రక్తం మాడ్చి ఆపే పరికరం ఉంటుంది. వాడరు. సెలైన్ పోస్తూ ఆగుతారు, అదే ఆగుతుంది. మాడిన చోట నాళం మొలవదు మరి.

అప్పుడు, కొట్టుకుంటున్న ధమనిని, కొట్టుకుంటున్న మెదడు మీద పడుకోబెడతారు. మొదట చెప్పిన దారంతో ఆ కణజాలపు అంచును పియా పొరకు పట్టిస్తూ నాలుగైదు చోట్ల కుట్లు. పియా పొర ఉల్లిపొర కన్నా పలచన. గుండె కొట్టుకున్నప్పుడల్లా కింద మెదడు లేస్తుంది, దిగుతుంది. ఆ లయ చూసుకుని సూది దించాలి. డ్యూరా రేకులను బిగించి కుట్టకుండా మెదడు మీదికి వదులుగా పరుస్తారు, వాటిలోని నాళాలూ ఓ చెయ్యి వేస్తాయని. ఎముక కిటికీని తిరిగి పెట్టేటప్పుడు బెజ్జాల దగ్గర ధమని నలగకుండా చోటు వదులుతారు.

మత్తు ఇచ్చే వైద్యుల పనిని తక్కువ చేసి చెప్పడానికి నాకు మనసొప్పదు. ముందు రోజు రాత్రి నుంచే పిల్లకు సెలైన్ ఎక్కుతుంది, రక్తం చిక్కబడకుండా. ఆపరేషన్ పొడుగునా కార్బన్ డయాక్సైడ్ పెరగకూడదు, తగ్గకూడదు. రక్తపోటు పడకూడదు. బోస్టన్ పద్ధతిలో తలకు ఈఈజీ తీగలు ఉండనే ఉంటాయి. అలలు మందగిస్తే చేతులన్నీ ఆగుతాయి, లెక్క సరిచేసుకున్నాకే మళ్లీ కదులుతాయి. చాలామంది పిల్లల్లో రెండు పక్కలా జబ్బు ఉంటుంది. అప్పుడు ఇదంతా రెండో వైపునా చేయాలి.

ఈ పనిలో నన్ను అన్నిటికన్నా కదిలించిన సంగతి, పిల్లను ఏడవనివ్వకపోవడం. ఏడిస్తే ఊపిరి ఎగసిపడుతుంది, నాళాలు ముడుచుకుంటాయి, ఆపరేషన్ బల్ల మీద రాని పక్షవాతం వార్డులో రావచ్చు. అందుకే మెలకువ వచ్చేటప్పటికే నొప్పి మందు పని చేస్తుండాలి. కట్టు మార్చేటప్పుడు నొప్పి పుట్టకూడదు. చర్మానికి వేసేవి వాటంతటవే కరిగిపోయే కుట్లు, వారం తరువాత కత్తెర చూసి పిల్ల బెదరకూడదని. పిల్లను ఏడిపించకపోవడం మన ఇళ్లలో ముద్దు కిందికి వస్తుంది. అక్కడ అది చికిత్సలో భాగం. ఇలా చేస్తే పక్షవాతాలు తగ్గాయని, పిల్లలు తొందరగా ఇంటికి వెళ్లారని తేలింది కూడా.

1985 నుంచి 2001 దాకా ఇలా ఆపరేషన్ చేసిన 143 మంది పిల్లల లెక్కను స్కాట్, సహచరులు 2004లో ప్రచురించారు. ఆపరేషన్ అయిన నెలలోపే పక్షవాతం వచ్చిన పిల్లలూ అందులో ఉన్నారు. అది దాచలేదు. ఆ గండం గడిచాక, ఐదేళ్లకు పైగా గమనించిన 46 మందిలో ఇద్దరికే మళ్లీ పక్షవాతం వచ్చింది. ఏమీ చేయకుండా వదిలేస్తే ఈ జబ్బు ఏడాదికేడాది ముదిరేది.

మరి ధ్యాస? చచ్చిన కణం తిరిగి రాదు. మచ్చ పడ్డ చోట మచ్చ అలాగే ఉంటుంది. ఈ అంటు కాపాడేది మిగిలి ఉన్నదాన్ని. మత్సుషిమ తన పిల్లలకు తెలివితేటల పరీక్షలు పెట్టిస్తూ ఏళ్ల తరబడి వెంట నడిచాడు. ఐదేళ్లలోపే జబ్బు మొదలైన పిల్లలు బాగా దెబ్బతిన్నారని, ఆలస్యమైన కొద్దీ నష్టం పెరుగుతుందని ఆయన చూశాడు. కనక ఆపరేషన్ అయిన పిల్ల బడికి తిరిగొచ్చినప్పుడు, పరీక్షకు పావుగంట ఎక్కువివ్వడం, చెప్పవలసిన నాలుగు మాటల్నీ ఒక్కొక్కటిగా చెప్పడం, మంచినీళ్లు తాగడానికి ఎన్నిసార్లు లేచినా పంపడం టీచరమ్మ చేతిలో ఉన్న వైద్యం. నీళ్లు తగ్గితే ఈ పిల్లలకు ముప్పే.

ఆరు నెలలు, ఏడాది గడిచాక మళ్లీ యాంజియోగ్రామ్ తీస్తారు. మెడలోని బయటి ధమనిలోకి మందు వదులుతారు. మామూలు మనిషికైతే ఆ చిత్రంలో ముఖం, నెత్తి, నాలుక తాలూకు నాళాలే కనిపించాలి. ఈ పిల్లకు కణత ధమని ఎముక బెజ్జంలోంచి లోపలికి దిగుతుంది. అక్కణ్నుంచి వేళ్లలా పిల్లనాళాలు విచ్చుకుంటాయి. మత్సుషిమ వాటిని మూడు తరగతులుగా కొలిచాడు. మెదడు నడిమి ధమనికి చెందిన భూమిలో మూడింట రెండు వంతులకు పైగా పారితే ఏ, మూడో వంతు దాటితే బి, అంతకన్నా తక్కువైతే సి. ఏ తరగతి చిత్రంలో, ముఖానికి వేసిన మందుకు మెదడు వెలుగుతుంది. అడుగున, ఏడాది కిందట పొగ ఉన్న చోట, పొగ పలచబడి ఉంటుంది.